రెండు వర్గాలు, ఒక బారసాల

ఆ రోజుల్లో మనిషికి కంప్యూటర్ వస్తే చాలు, పాస్‌పోర్టు దానంతటదే వచ్చేది. మా ఊళ్ళో మూడు నెలల కోర్సు చేసినవాడు నాలుగో నెలలో విమానంలో కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టుకుంటూ ఉండేవాడు. అలా ఎగిరివచ్చి సింగపూర్‌లో వాలినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం. మా ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, వేడి టీ బల్ల మీద పెట్టి మేనేజరు పిలిచాడని వెళ్ళొస్తే, దాన్ని చెంచాతో తవ్వుకోవాల్సి వచ్చేది. సముద్రం దాటినవాడికి ఏవేవో పోతాయని మా తాతలు భయపడేవారట. మా కాలానికి వచ్చేసరికి పోవలసినవి ఏవీ పోలేదు. జుట్టు పోయింది, నిద్ర పోయింది. పార్టీ మాత్రం పోలేదు. సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన చుట్టుకుని మాతోపాటే దిగింది.

మా నియోజకవర్గం వాళ్ళం సింగపూర్ మొత్తం మీద గట్టిగా లెక్కేస్తే నలభై మందిమి (బయటివాళ్ళతో చెప్పేటప్పుడు నాలుగు వందలు అనేవాణ్ణి. ఊళ్ళో పార్టీ ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు అది నాలుగు వేలు అయ్యేది). అందరిదీ ఒకటే పార్టీ. వచ్చిన చిక్కంతా అదే. ఎదుటి పార్టీ వాడొకడు ఉండి ఉంటే ఆదివారాలు వాణ్ణి తిట్టుకుంటూ సుఖంగా బతికేవాళ్ళం. వాడు లేకపోవడంతో మాలో మేమే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వెతుకులాటకు ముహూర్తం పెట్టినట్టు, శాసనసభ ఎన్నికలకు ముందు పార్టీ పెద్దల దగ్గర్నుంచి ఒక కబురు వచ్చింది. ఈసారి మా నియోజకవర్గం టికెట్టు ఎవరికివ్వాలో వాళ్ళు తేల్చరట. కార్యకర్తలే ఓట్లేసి చెప్పాలట. అంటే అసలు ఎన్నికకు ముందు పార్టీలోపల ఇంకో ఎన్నిక. విదేశాల్లో ఉన్న సభ్యుల మాట కూడా ఒక పరిశీలకుడు ఫోన్ దగ్గర కూర్చుని వింటాడట.

పోటీలో ఇద్దరు. ఒకరు పెద్దాయన. ఆయన ఎన్నిసార్లు గెలిచాడో అన్నిసార్లూ ఓడి, లెక్క సరిపోయిందని ఇంట్లో కూర్చోకుండా మళ్ళీ కండువా ఉతికి ఆరేసుకున్నవాడు. రెండోవాడు కాంట్రాక్టరు. రోడ్లు వేసేవాడు. ఆయన వేసిన రోడ్డు మీద మొదటి వాన పడేదాకా ఆయన్ను వేలెత్తి చూపినవాడు లేడు. ఇక్కడ సింగపూర్‌లో పెద్దాయన తరఫున బావగారు, కాంట్రాక్టరు తరఫున టై అన్నయ్య. బావగారు ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసేవాడు, మా వీధి ఆడపిల్ల మొగుడు కాబట్టి నాకు బావగారు. టై అన్నయ్య సంగతి పేరులోనే ఉంది. ఆ ఉక్కపోతలో బీచికి వచ్చినా టై కట్టుకునే వచ్చేవాడు. ఈత కొట్టేటప్పుడు విప్పేవాడా అన్నది మాలో చాలాకాలం చర్చనీయాంశం.

చీలిక అంటే ఏమిటో ఆ మూడు నెలల్లో నాకు తెలిసింది. ఆదివారం క్రికెట్ జట్టు రెండుగా విడిపోయింది. రెండు జట్లయ్యాయి కదా, ఇప్పుడు ఆడుకోవచ్చు కదా అని నేనంటే, వాళ్ళ బంతి మేం ముట్టం అన్నారు. ఊరి నుంచి మోసుకొచ్చిన పిండి గ్రైండరు టై అన్నయ్య ఇంట్లో ఉండేది. నలభై మందికీ కరివేపాకు అందించే కుండీ మాత్రం బుకిట్ పంజాంగ్‌లో బావగారి ఫ్లాటు బయట వరండాలో ఉండేది. దాంతో ఒక వర్గం కరివేపాకు లేని చట్నీతో ఇడ్లీలు తింది, ఇంకో వర్గం ఘుమఘుమలాడే చట్నీని బ్రెడ్డు మీద పూసుకుంది. రెండిళ్ళలోనూ తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు పెళ్ళి కాలేదు, వంట రాదు, కాబట్టి సిద్ధాంతం కూడా లేదు. అందుకే నన్ను తటస్థుడు అనేవారు. రెండు వర్గాలకూ నినాదాలు రాసిపెట్టింది కూడా నేనే. ఒకే నినాదం, పేరు మాత్రం మార్చేవాణ్ణి.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఈ గొడవ మధ్యలో ఒక చావు ఉంది. అది చెప్పకుండా మిగతాది చెప్పడం కుదరదు.

బావగారి భార్య, అంటే అక్కకు ఒక తమ్ముడు ఉండేవాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అప్పటికే దాన్ని చాలామంది వాడేశారు. వాడికి ఎక్కడం అంటే పిచ్చి. చింతచెట్టు, నీళ్ళ ట్యాంకు, సినిమా హాలు గోడ, ఏదీ వదిలేవాడు కాదు. మా వీధిలో గాలిపటం తెగితే ముందు వాడి కోసం వెతికేవాళ్ళు, తర్వాతే గాలిపటం కోసం. ఏడాది కిందట పార్టీ పెద్దలెవరో ఊరికి వస్తున్నారని రెండు వర్గాలూ బ్యానర్లు కట్టడం మొదలుపెట్టాయి. ఎవరి బ్యానరు ఎత్తులో ఉంటే వాళ్ళ మాట చెల్లినట్టు. పొద్దున పెద్దాయన మనుషులు వచ్చి, తమ్ముడూ కాస్త ఎక్కరా అంటే ఎక్కి కట్టాడు. మధ్యాహ్నం కాంట్రాక్టరు మనుషులు వచ్చి, దానికంటే ఒక మూర పైకి కట్టరా అంటే మళ్ళీ ఎక్కాడు. ఆ ఒక మూర పైన కరెంటు తీగ ఉంది.

పాడె మీద రెండు జెండాలు కప్పారు. రెండూ ఒకే పార్టీవి. ఏది పైన ఉండాలని ఇంటిముందు చాలాసేపు తగువు జరిగింది, శవం ఎండలో ఎదురుచూసింది. అక్కకు టికెట్టు దొరికి విమానం ఎక్కేలోపే అంతా అయిపోయింది. ఆ రోజు బుకిట్ పంజాంగ్ ఫ్లాటులో నేల మీద కూర్చుని ఆమె ఫోన్‌లోనే తమ్ముడి చావు విన్నది. అటువైపు నుంచి ఏడుపులు వినపడలేదు. వాడి పేరు, దాని వెనకాల అమర్ రహే, మళ్ళీ వాడి పేరు, మళ్ళీ అమర్ రహే. రిసీవరు ఆమె చేతిలోంచి తీసి పెట్టేసింది నేనే. ఆ నినాదం గొంతుల్లో ఎవరు ఏ వర్గమో అంత దూరం నుంచి తెలియలేదు.

సంవత్సరీకం అయిన కొద్దిరోజులకు అక్కకు కొడుకు పుట్టాడు. పురుడు పోయడానికి ఊరి నుంచి పెద్దమ్మ, అంటే అక్క తల్లి వచ్చింది. పెద్దమ్మ మనిషి సన్నగా ఉండేది, మాట ఇంకా సన్నగా ఉండేది. ఒకరోజు నేను కరివేపాకు దొంగిలించడానికి వెళితే (టై అన్నయ్య భార్య అడిగింది, వర్గం పేరు బయటపెట్టవద్దంది) అక్క పిల్లాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. నన్ను కూర్చోమంది. ఆమె నన్ను ఎప్పుడూ తమ్ముడూ అనేది. వాడు పోయాక ఆ పిలుపు వింటే, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేవాణ్ణి.

"వాడి పేరే పెట్టుకుంటా తమ్ముడూ. ఆ పేరు ఇంట్లో పిలిచి ఏడాదయింది. బయట మాత్రం రోజూ అరుస్తానే ఉన్నారు. అమ్మ ఆ పేరు వింటే చెవులు మూసుకుంటంది, ఎనక ఇంకోటి వస్తదేమోనని" అంది.

ఆమె అడిగింది అంతే. తమ్ముడి పేరు తన ఇంట్లో, తన నోటితో, వెనక తోక లేకుండా ఒకసారి పిలుచుకోవాలి. ప్రపంచంలో ఎవరికీ అడ్డు రాని కోరిక అనుకున్నాను. నా వయసు అప్పుడు ఇరవై నాలుగు, ఏదైనా అనుకోగలిగేవాణ్ణి.

బావగారు చెడ్డవాడు కాదు. కానీ అప్పటికి ఆయన మూడు నెలలుగా నాయకుడు. ఆ జబ్బు ముదిరితే మనిషికి ఇంట్లో ఉయ్యాల కూడా వేదికలాగే కనపడుతుంది. సింగపూర్‌లో పరాయి దేశపు రాజకీయాలకు సభలు పెట్టడం కుదరదు. జెండా పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఐదో అడుగు విమానాశ్రయంలోనే. అదే బారసాల అయితే నలభై మంది కాదు, నిజంగా నాలుగు వందల మంది వచ్చినా అడిగేవాడు లేడు. ఆయన పథకం ఇది. పరిశీలకుడికి ఫోన్ కలిపి పెడతాం. బావగారు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పిల్లాడి పేరు రాస్తాడు. అమరుడి పేరు పిల్లాడికి పెట్టామని ఫోన్‌లో చెబుతాడు. వెంటనే అందరూ, నేను రాసిచ్చినట్టే, అమర్ రహే అంటారు, ఆ ఊపులోనే పెద్దాయన జిందాబాద్ అంటారు. పరిశీలకుడు అటువైపు కళ్ళు తుడుచుకుంటూ ఓట్లు రాసుకుంటాడు.

ఈ సంగతి టై అన్నయ్యకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు (నేను అక్కడ భోజనం చేశాను). ఆయన చెంచా కింద పెట్టి, "వాడు పోయింది మా బ్యానరు కడతా గదా, మరి పేరు వాళ్ళదెట్లా అయిద్ది?" అన్నాడు. అంత ప్రశాంతంగా అన్నాడు కాబట్టి నేను పెరుగు దాకా ఆగకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇక బారసాలకు రెండు వర్గాలూ వస్తాయని తేలిపోయింది. నేను రెండిళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగి, ఎల్ఆర్‌టీ రైలు చార్జీలకే జీతమంతా తగలేసి ఒక ఒప్పందం కుదిర్చాను. జెండాలు వద్దు, కండువాలు వద్దు, బ్యాడ్జీలు వద్దు. ఎవరు ఎవరి మనిషో చూసి చెప్పే గుర్తు ఏదీ ఒంటి మీద ఉండకూడదు. రెండు దేశాల మధ్య సంధి కుదిర్చినవాడికి కూడా అంత గర్వం ఉండదు. ఆ సంధి బారసాల రోజు పొద్దున పది గంటల దాకా నిలబడింది.

సింగపూర్‌లో ప్రభుత్వ ఫ్లాట్ల కింద, నేల అంతస్తును గోడలు లేకుండా ఖాళీగా వదిలేస్తారు. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. పెళ్ళిళ్ళూ చావులూ అక్కడే చేసుకుంటారు, అనుమతి తీసుకుంటే చాలు. బావగారి బ్లాకు కింద ఒక చివర మాకిచ్చారు. వెళ్ళి చూస్తే రెండో చివర తెల్ల గుడ్డలు కట్టి ఉన్నాయి, గుండ్రని బల్లల చుట్టూ మనుషులు గొంతు పెంచకుండా మాట్లాడుకుంటూ వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నారు. ఏడో అంతస్తులో ఉండే చైనీస్ అంకుల్ భార్య పోయింది. శవపేటిక ముందు ఊదొత్తులు వెలుగుతున్నాయి. బావగారు హడలిపోయి, చావు పక్కన బారసాలా, వేరే రోజు పెట్టుకుందాం అన్నాడు. పెద్దమ్మ పిల్లాడి దుప్పటి సర్దుతూ, "ఇప్పుడేం చేద్దాం నాయనా, ఆమెను లేచి పొమ్మందామా?" అంది. దాంతో ఆ మాట అక్కడితో ఆగింది.

నా వంతు పని ఫోను. బావగారి ఫ్లాటు మొదటి అంతస్తులో ఉండేది. ఫోన్ తీగకు ఇంకో తీగ అతికించి, దానికి మరో తీగ కలిపి, కిటికీలోంచి కిందికి వదిలి, స్తంభం చుట్టూ తిప్పి, అరటిపళ్ళ గెల పక్కన స్పీకరు ఫోన్ పెట్టాను. సైన్స్ పార్క్‌లో నేను చేసిన పనంతా కలిపినా దీని ముందు దిగదుడుపే. పరిశీలకుడు లైన్‌లోకి వచ్చి, హలో, మొదలుపెట్టారా, నాకు ఇంకా మూడు దేశాలున్నాయి అన్నాడు.

అప్పుడు టై అన్నయ్య వర్గం వచ్చింది. వాళ్ళు రైలు దిగి వచ్చే దారిలో మొదట తగిలేది తెల్ల గుడ్డల వైపు. అక్కడ ఒక అమ్మాయి పళ్ళెంలో ఎర్ర దారపు ముక్కలు పెట్టుకుని నిలబడి ఉంది. చైనీస్ వాళ్ళ చావింటికి వచ్చినవాళ్ళు ఆ దారం ఒకటి తీసుకుంటారు, అక్కడి కీడు ఇంటికి రాకుండా. వెళ్ళేటప్పుడు దారిలో వదిలేస్తారు. మావాళ్ళకు అది తెలియదు. పళ్ళెం, ఎర్ర దారం, నిలబడి పంచే పిల్ల. తెలుగువాడికి ఇంతకంటే శుభసూచకం ఏం కావాలి? బావగారు బారసాలకు తోరాలు కూడా ఏర్పాటు చేశాడే అని ముచ్చటపడి, వరసలో నిలబడి, తలా ఒకటి తీసుకుని, ఒకరికొకరు మణికట్టుకు గట్టిగా ముళ్ళు వేసుకుని వచ్చారు. టై అన్నయ్య తన దారం టైకి మ్యాచ్ అయ్యిందో లేదో కూడా చూసుకున్నాడు.

బావగారికి కనపడింది వేరు. ఎదుటి వర్గం మొత్తం, ఆడా మగా, కుడిచేతికి ఒకే రంగు దారం కట్టుకుని దండుగా నడిచివస్తోంది.

"ఏందన్నా ఇది? గుర్తులు వద్దని మాటనుకున్నాం గదా" అన్నాడు.

"గుర్తేంది? నువ్వు పంచిన దారమే గదయ్యా."

"నేనేం పంచలా."

"మరి మీ పిల్ల పళ్ళెం పట్టుకుని నిలబడిందే."

"మా పిల్లెవరన్నా? మాకున్నది ఇరవై ఒక్క రోజుల మగపిల్లోడు."

నాకు ఆ క్షణంలోనే సంగతి అర్థమైంది. చెప్పబోయాను కూడా. కానీ తటస్థుడి మాట వినే దశ దాటిపోయింది. మూడు నెలల ఇడ్లీలూ, కరివేపాకూ, క్రికెట్ బంతీ అన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. నిమిషంలో అది దారం గురించి కాకుండా పోయింది. పోయినవాడు ఎవరి మనిషి అన్న దగ్గరికి చేరింది. బావగారి వైపు నుంచి ఒకాయన, మొదటి బ్యానరు మాది, అది కట్టినప్పుడు వాడు బతికున్నాడు, కాబట్టి మావాడు అన్నాడు. టై అన్నయ్య వైపు నుంచి ఇంకొకాయన, రెండోది మాది, అది కడతానే పోయాడు, కాబట్టి అమరుడు మావాడు అన్నాడు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళు, ఇద్దరూ ఆఫీసుల్లో టీములకు పెద్దలు. ఉయ్యాల పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలో పిల్లాడికి కట్టవలసిన నల్లపూసలున్నాయి.

నలభై మందీ ఒకేసారి అరుస్తున్నారు. పిల్లాడు ఏడుస్తున్నాడు. ఒక ముసలావిడ ఎందుకో తెలియకుండానే ముక్కు చీదుతోంది. అరటిపళ్ళ పక్కన ఫోన్‌లో పరిశీలకుడు, "హలో, గొంతులు కలిసిపోతన్నయ్యండి, ఒక్కో వర్గం విడివిడిగా అరవండి, రాసుకోవాలి" అంటున్నాడు. అటు చివర, నిజంగా శవం ఉన్న చోట, ఒక్క గొంతు లేవడం లేదు. వేరుశనగకాయ విరిగిన చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు ఆ చైనీస్ అంకుల్ లేచి మా వైపు వచ్చాడు. తెల్ల బనియను, నల్ల ప్యాంటు, చేతికి సంతాపం గుర్తుగా చిన్న నార గుడ్డ ముక్క. గొడవ ఆపమంటాడనుకున్నాను. పోలీసులను పిలుస్తాడేమో, మా అందరి వీసాలూ ఆ సాయంత్రానికే రద్దయిపోతాయేమో అనుకున్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "యువర్ సైడ్, హూ పాస్ అవే, ఆ?" అన్నాడు. మీ వైపు ఎవరు పోయారు అని.

ఆయన తప్పేం లేదు. రెండు గుంపుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరిది చావో ఎవరికైనా మాదే అనిపిస్తుంది. మాలో ముందువరసలో ఉన్నవాళ్ళకు ఆ మాట వినపడి నోళ్ళు ఆగాయి. వాళ్ళు ఆగారని వెనకవాళ్ళు ఆగారు. ఉయ్యాలలో పిల్లాడు కూడా ఆగాడు. పెద్దమ్మ నన్ను, ఆయనేమడుగుతున్నాడు నాయనా అంది. చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో, కానీ ఆమె నా మొహమే చూస్తోంది.

"నా కొడుకని చెప్పు" అంది.

చెప్పాను. ఆయన ఎప్పుడు అని అడిగాడు. పోయిన సంవత్సరం అన్నాను. సంవత్సరం కిందట పోతే ఇవాళ ఏడవడమేమిటని ఆయన అడగలేదు. తల ఊపి, తన వైపు చూపించి, మై వైఫ్ అన్నాడు. వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పెద్దమ్మ వెనక వేశాడు. మళ్ళీ వెళ్ళి చామంతిపూల టీ డబ్బా ఒకటి, స్ట్రా గుచ్చి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తనకొక కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ కలిసిన భాష ఒక్క ముక్క లేదు. ఆమె ఏదో తెలుగులో చెప్పింది, చేత్తో పైకి చూపించింది, చెట్టు అనుకుంటాను, లేకపోతే స్తంభం. ఆయన తన భాషలో ఏదో చెప్పి తలూపాడు. ఏడాదిలో పెద్దమ్మను పరామర్శించిన మొదటి మనిషి ఆయనేనని అక్క తర్వాత నాతో అంది. మిగతావాళ్ళంతా ఆమెను అభినందించారట.

ఆ నిశ్శబ్దంలో టై అన్నయ్య తన మణికట్టు చూసుకున్నాడు. తర్వాత అటు చివర పళ్ళెం పట్టుకున్న అమ్మాయిని చూశాడు. విప్పుదామని చూశాడు కానీ ముడి ఊడలేదు, అంత గట్టిగా వేశారు. బావగారు సందు దొరికిందని గబగబా బియ్యం పళ్ళెం ముందుకు లాక్కుని ఉంగరం తీశాడు. ఫోన్ వైపు వంగి, అయ్యా వింటున్నారా అన్నాడు. నేను రాసిచ్చిన నినాదం నలభై నోళ్ళలో సిద్ధంగా ఉందని నాకు తెలుసు. నా నోట్లో కూడా ఉంది.

అక్క చాప మీదనుంచి లేవకుండానే చెయ్యి చాచి ఆయన వేళ్ళ మధ్యనుంచి ఉంగరం తీసుకుంది.

"తమ్ముడూ, ఆ తీగ తీసెయ్" అంది.

"ఏయ్, పరిశీలకుడు లైన్లో ఉన్నాడు" అన్నాడు బావగారు.

"ఉండనీ. మా వాడు లేడు గదా."

ఈ కథ స్నేహితులకు చెప్పేటప్పుడు, నేను సింహంలా లేచి తీగను ఒక్క లాగుతో తెంపానని చెబుతుంటాను. నిజానికి చాలా భయపడ్డాను. అది ఫోన్ తీగ, దాంట్లో ఏమీ ఉండదని ఇంజనీరింగ్ చదివిన నాకు తెలుసు. అయినా పక్కనున్న తువ్వాలు చేతికి చుట్టుకుని పట్టుకున్నాను. పరిశీలకుడు ఇంతకీ పేరేంటని అడుగుతుండగా ఆయన గొంతు మధ్యలో పోయింది.

అక్క పిల్లాణ్ణి ఎత్తుకుంది. పేరు బియ్యంలో రాసి, తర్వాత చెవిలో మూడుసార్లు చెప్పడం మా ఆచారం. ఆమె రాయలేదు. నోరు పిల్లాడి చెవికి ఆనించి, కొంగు అడ్డం పెట్టుకుని, చెప్పింది. నలభై మందీ ఒకేసారి ముందుకు వంగారు. ఆ వంగడంలో రెండు వర్గాలూ కలిసిపోయి, బావగారి భుజం మీద టై అన్నయ్య గడ్డం ఆనింది. ఎవరికీ ఏమీ వినపడలేదు. మూడోసారి చెప్పి ఆమె తలెత్తింది.

"పేరేం పెట్టావమ్మా?" అన్నాడు టై అన్నయ్య.

"వాడికి చెప్పానన్నా. వినాల్సింది వాడే గదా."

పళ్ళెంలో బియ్యం గీత పడకుండా అలాగే ఉంది. ఇక చేయడానికి ఏమీ లేక అందరూ భోజనాలకు కూర్చున్నారు. పులిహోర రెండు వర్గాలకూ ఒకే గిన్నెలోది కాబట్టి తప్పలేదు. పెద్దమ్మ లేచి ఒక విస్తరి నిండా వడ్డించుకుని అటు చివరికి తీసుకెళ్ళింది. అంకుల్ పులిహోరను చాలా జాగ్రత్తగా, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. మిరపకాయ దగ్గర మాత్రం కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రోజు ఆ చివర నేను చూసిన మొదటి కన్నీళ్ళు అవే.

లోపలి ఎన్నిక సంగతి కూడా చెప్పాలి కదా. సింగపూర్ శాఖ ఏమీ తేల్చుకోలేక మౌనంగా ఉందని పరిశీలకుడు రాసుకున్నాడట. మా చరిత్రలో మమ్మల్ని మౌనంగా ఉన్నామన్నది ఆయనొక్కడే. ఓట్లన్నీ లెక్కపెట్టాక టికెట్టు పెద్దాయనకూ రాలేదు, కాంట్రాక్టరుకూ రాలేదు. అంతకు ముందురోజు ఎదుటి పార్టీలోంచి కండువా మార్చుకుని వచ్చినాయనకు ఇచ్చారు. బావగారూ టై అన్నయ్యా పక్కపక్కన కూర్చుని ఆయనకు అభినందన సందేశం పంపారు. రాసింది నేనే, పేరు మార్చాను. తర్వాత కొద్దికాలానికి కంప్యూటర్ల గాలి తిరగబడి మాలో సగం మంది ఉద్యోగాలు పోయి మూటాముల్లే సర్దుకున్నారు. వెళ్ళేటప్పుడు టై అన్నయ్య గ్రైండరును బావగారి గుమ్మంలో పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయాడు. కరివేపాకు కుండీ దగ్గర రెండు రెమ్మలు విరిగి ఉన్నాయట.

పిల్లాడికి కాగితాల మీద వేరే ఏదో పేరుంది, నక్షత్రం చూసి బావగారు పెట్టింది. అందరం వాణ్ణి ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం. అక్క ఆ రోజు చెవిలో ఏం చెప్పిందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మెల్లగా అందరూ మరిచిపోయారు, నేను కూడా మరిచిపోయాననే అనుకున్నాను. వాడు బడికి పోయే వయసులో ఒక ఆదివారం పాసిర్ రిస్ పార్కుకు అందరం వెళ్ళాం. అక్కడ పిల్లలు ఎక్కడానికి తాళ్ళతో అల్లిన ఎత్తైన గోపురం లాంటిది ఒకటుంది. నా లెక్కలో అది పది అంతస్తులు (మా ఆవిడ లెక్కలో రెండు). నేను కారప్పూస పొట్లం విప్పుకుంటుండగా మిగతా పిల్లలంతా సగం దాకా వెళ్ళి దిగిపోయారు. వీడొక్కడు చిట్టచివరికి ఎక్కి, ఒంటిచేత్తో తాడు పట్టుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకనుంచి చూస్తే ఆ నిలబడటం మా వీధిలో ఎవరికైనా తెలిసిందే.

అక్క చెప్పులు విడిచి గడ్డి మీద నడిచి తాళ్ళ కిందికి వెళ్ళింది. తలెత్తి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, పార్కంతా వినపడేటట్టు ఆ పేరు పెట్టి పిలిచింది. కాగితాల మీది పేరు కాదు. ఆ పేరు.

"దిగరా, చాలు" అంది.

"కమింగ్ లా, అమ్మా" అన్నాడు వాడు పైనుంచి, సింగపూర్ యాసలో. దిగలేదు.

అంతే. ఆ పేరు వెనక ఇంకేమీ రాలేదు. గాలి వీచింది, పక్కన ఎవరో కోడిరెక్కలు కాల్చుకుంటున్నారు, ఒక పాప సైకిల్ గంట కొట్టుకుంటూ పోయింది. ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. నా నోరు మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నేను రాసిన మిగతా సగం పలకడానికి దానంతటదే తెరుచుకుంది. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏం తమ్ముడూ, ఏమన్నా అంటావా?"

"ఏం లేదక్కా" అని గుప్పెడు కారప్పూస నోట్లో పోసుకున్నాను. ఆమె నవ్వి మళ్ళీ పైకి చూసి, ఇంకోసారి పిలిచింది. రెండు వర్గాలకూ ఒకే నినాదం రాసిపెట్టి రెండు చోట్లా అన్నం తిన్న ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు నాలో ఎక్కడో బుద్ధిగా నోరు మూసుకుని, నములుతూ కూర్చున్నాడు.